తాళం తీసిన పాఠం: సమాచార అక్షరాస్యతపై తెలుగులో ఓఈఆర్ తయారుచేసి పంచడానికి కాలేజీ లైబ్రేరియన్లకు పూర్తి మార్గదర్శి

డిగ్రీ కాలేజీలో కొత్త బ్యాచ్ చేరిన మొదటి నెలలోనే లైబ్రేరియన్ ఓరియంటేషన్ పీపీటీ సిద్ధం చేసుకోవాలి. లైబ్రరీ వేళలు, కార్డులు, ఎన్-లిస్ట్ (ఈ-జర్నళ్లు, ఈ-పుస్తకాలు చదవనిచ్చే సేవ) లాగిన్, చివర్లో “ఇంటర్నెట్‌లో కనిపించిందల్లా నమ్మకండి” అని ఓ రెండు స్లైడ్లు. సమాచారాన్ని వెతికి, సరిచూసి, సరిగా వాడుకునే నేర్పునే సమాచార అక్షరాస్యత అంటారు. పక్క ఊరి కాలేజీలో మరో లైబ్రేరియన్ కూడా అదే పీపీటీని మొదటి నుంచి చేసుకుంటూ ఉంటారు. ఒకరి శ్రమ ఒకరికి అందదు. వాట్సాప్ గ్రూపులో పీడీఎఫ్ పెట్టినా పని జరగదు. అందులో ఇంకో కాలేజీ పేరుంటుంది, లింకులు పాతబడి ఉంటాయి, ఒక్క వాక్యం మార్చుదామన్నా కుదరదు. అసలు మార్చవచ్చో లేదో ఎక్కడా రాసి ఉండదు.

ఈ చిక్కు విప్పడానికే ఓపెన్ ఎడ్యుకేషనల్ రిసోర్సెస్, అంటే ఓఈఆర్, వచ్చింది. ఈ పేరు 2002లో పారిస్‌లో యునెస్కో జరిపిన సమావేశంలో పుట్టింది. 2019 నవంబరులో యునెస్కో సభ్య దేశాలు దీనిపై ఒక సిఫారసును ఆమోదించాయి. ఉచితంగా చూడనిచ్చినంత మాత్రాన అది ఓఈఆర్ కాదు. తీసుకున్నవాళ్లు దాన్ని తమ దగ్గర ఉంచుకోగలగాలి, వాడుకోగలగాలి, మార్చుకోగలగాలి, ఇంకో పాఠంతో కలుపుకోగలగాలి, మళ్లీ పంచగలగాలి. ఈ ఐదింటికీ ముందే రాతపూర్వకంగా అనుమతి ఉండాలి. అనుమతి ఉండి ఫైలు మార్చడానికి వీల్లేకపోతే అది తాళం వేసిన ఇంటికి ఆహ్వానపత్రిక ఇచ్చినట్టే. కింద చెప్పిన ప్రతి అడుగునూ ఈ రెండు ప్రశ్నలతో సరిచూసుకోండి: అనుమతి ఉందా? మార్చుకునే వీలుందా?

ఒక పాఠానికి ఆరు వారాలు పెట్టుకోండి. సెప్టెంబరు చివర్లో మొదలుపెడితే నవంబరు 14 నుంచి 20 వరకు జరిగే గ్రంథాలయ వారోత్సవాల నాటికి చేతికొస్తుంది. గడువు ఉంటేనే ఇలాంటి పని పూర్తవుతుంది.

1. ఒక్క ప్రశ్న ఎంచుకోండి

ఎక్కువ ప్రయత్నాలు ఇక్కడే చెడతాయి. “సమాచార అక్షరాస్యత – సమగ్ర కోర్సు” అని మొదలుపెడితే మూడో వారానికి అలసట వస్తుంది, పాఠం అటకెక్కుతుంది. పైగా పెద్ద కోర్సును ఎవరూ మొత్తంగా తీసుకోరు. తమ క్లాసుకు పనికొచ్చే నలభై నిమిషాల ముక్క కోసమే వెతుకుతారు.

సర్క్యులేషన్ కౌంటరు దగ్గర ఒక నోటుపుస్తకం పెట్టండి. రెండు వారాల పాటు విద్యార్థులు అడిగే ప్రశ్నలను వాళ్ల మాటల్లోనే రాయండి. “ఈ స్కాలర్‌షిప్ లింకు నిజమేనా మేడమ్?”, “ప్రాజెక్టుకి రెఫరెన్సులు చాట్ జీపీటీ ఇచ్చింది, పెట్టొచ్చా సార్?”, “ఈ టాపిక్ మీద తెలుగులో ఏమీ దొరకట్లేదు” అంటారు. ఎక్కువసార్లు వచ్చిన ప్రశ్నే మీ పాఠం.

లక్ష్యం ఒకే వాక్యంలో రాయండి. ఆ వాక్యంలోని పని కంటికి కనిపించేదై ఉండాలి. “విద్యార్థికి వెబ్‌సైట్ల విశ్వసనీయతపై అవగాహన కలుగుతుంది” అంటే కలిగిందో లేదో చూడలేం. “వెబ్ చిరునామా చూసి, ఆ సైటు యజమాని పేరు ఏ భాగంలో ఉందో విద్యార్థి గీత గీసి చూపిస్తారు” అంటే చూడగలం.

అమెరికాలోని కాలేజీ, పరిశోధక గ్రంథాలయాల సంఘం ఏసీఆర్ఎల్ 2016లో ఆమోదించిన సమాచార అక్షరాస్యత ఫ్రేమ్‌వర్క్‌లో ఆరు భావనలున్నాయి. మాటకు అధికారం ఎక్కడి నుంచి వస్తుంది, సమాచారానికి విలువ ఎందుకుంటుంది, వెతుకులాట ఎందుకు ఒక్క దెబ్బతో తెగదు, ఇలాంటివి. మీ ప్రశ్న వాటిలో దేనికి చెందుతుందో గుర్తిస్తే పాఠం ఎంతవరకు పోవాలో తెలుస్తుంది. ఆరూ ఒకే పాఠంలో కుక్కకండి.

2. తయారుచేసే ముందు వెతకండి, అనువాదానికి తొందరపడకండి

ఓఈఆర్ కామన్స్, మెర్లాట్, ఏసీఆర్ఎల్ శాండ్‌బాక్స్ అనే సైట్లలో లైబ్రేరియన్లు చేసిన పాఠాలు దండిగా ఉన్నాయి. మన దేశంలో నేషనల్ డిజిటల్ లైబ్రరీ, ఎన్‌సీఈఆర్‌టీ నడిపే ఓఈఆర్ నిధి ఎన్‌ఆర్‌ఓఈఆర్ చూడండి. పాఠం నచ్చితే ముందు కింద ఉన్న లైసెన్సు చదవండి.

అనువాదమంటే చట్టం దృష్టిలో రూపం మార్చడమే. ఏం చేసుకోవచ్చో ముందే చెప్పే ప్రామాణిక అనుమతి పత్రాలే క్రియేటివ్ కామన్స్ లైసెన్సులు. లైసెన్సు పేరులో ‘ఎన్‌డీ’ ఉంటే మార్చినదాన్ని పంచకూడదు, కాబట్టి తెలుగు అనువాదాన్నీ పంచకూడదు. ‘ఎస్‌ఏ’ ఉంటే మీ తెలుగు పాఠాన్నీ అదే లైసెన్సుతో ఇవ్వాలి. ‘ఎన్‌సీ’ ఉంటే వ్యాపారానికి వాడకూడదు. ‘బై’ మాత్రమే ఉంటే పేరు చెప్పి, మార్చామని చెప్పి, ఏమైనా చేసుకోవచ్చు. చాలామంది బోల్తా పడే చోటు ఇంకొకటుంది. బై-ఎస్‌ఏ ఉన్న ముక్కనూ, బై-ఎన్‌సీ-ఎస్‌ఏ ఉన్న ముక్కనూ కలిపి ఒకే కొత్త పాఠంగా మలచలేం. రెండూ “నా లైసెన్సే పెట్టు” అంటాయి, రెండు షరతులూ ఒకేసారి నెరవేరవు. పైన చెప్పిన ఏసీఆర్ఎల్ ఫ్రేమ్‌వర్క్ బై-ఎన్‌సీ-ఎస్‌ఏ కింద ఉంది. దాని వాక్యాలను అనువదించి మీ పాఠంలో చేర్చితే మీ పాఠానికీ ఆ షరతు అంటుకుంటుంది. భావాలకు కాపీరైట్ ఉండదు గనుక భావం తీసుకుని మీ మాటల్లో, మీ ఉదాహరణలతో రాయండి.

హక్కుల సంగతి పక్కన పెట్టినా, ఉన్నదున్నట్టు అనువదించిన పాఠం మన క్లాసులో నిలవదు. అది మన కాలేజీల్లో లేని డేటాబేసుల మీద నడుస్తుంది. వాటి స్థానంలో శోధ్‌గంగ (మన పీహెచ్‌డీ సిద్ధాంత వ్యాసాల నిధి), ఎన్-లిస్ట్, నేషనల్ డిజిటల్ లైబ్రరీ, ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోని తెలుగు పుస్తకాలు పెట్టాలి. అవి పెట్టగానే ఇంగ్లీషు పాఠంలో లేని సమస్యలు వస్తాయి. గురజాడ మీద సిద్ధాంత వ్యాసం కావాలని శోధ్‌గంగలో వెతికే విద్యార్థి ఆ పేరును ఇంగ్లీషులో ‘జె’తో కొడితే కొన్ని దొరుకుతాయి, ‘జెడ్’తో కొడితే ఇంకొన్ని దొరుకుతాయి. ఇంటిపేరు ముందా వెనకా, ‘అప్పారావు’ ఒక మాటా రెండు మాటలా అన్నదాన్ని బట్టి ఫలితాలు మారిపోతాయి. స్కాన్ చేసి పెట్టిన తెలుగు పుస్తకంలో లోపలి మాటలతో వెతికితే చాలాసార్లు ఏమీ రాదు. తెలుగులో వెతకడం నేర్పే పాఠం ఈ చిక్కుల నుంచే మొదలవ్వాలి, ఆ పాఠం రాయగలిగింది ఇక్కడి లైబ్రేరియన్లే.

యంత్రానువాదం వాడితే ప్రతి పారిభాషిక పదాన్నీ చేత్తో చూడండి. పరిశోధన వ్యాసం ముందుండే ఆబ్‌స్ట్రాక్ట్‌ను అది ‘నైరూప్యం’ చేస్తుంది. జర్నల్‌ను ‘పత్రిక’ అంటే విద్యార్థికి వారపత్రిక గుర్తొస్తుంది. జర్నల్, ఆబ్‌స్ట్రాక్ట్, రెఫరెన్సు, కీవర్డ్, పీర్ రివ్యూ అని క్లాసులో పలికేవి పలికినట్టే ఉంచి, మొదటిసారి వచ్చినచోట ఒక వాక్యంలో అర్థం చెబితే చాలు.

3. హక్కు ఎవరిదో తేల్చుకోండి

మీది కానిదానికి మీరు లైసెన్సు ఇవ్వలేరు. 1957 కాపీరైట్ చట్టం సెక్షన్ 17 ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే, ఉద్యోగ విధుల్లో భాగంగా తయారైనదానికి మొదటి హక్కుదారు యాజమాన్యం. ప్రభుత్వ పనిలో తయారైతే ప్రభుత్వం. అందుకే పని మొదలుపెట్టేటప్పుడే ఒక పేజీ కాగితం మీద అనుమతి తీసుకోండి. పాఠం పేరు, తయారుచేసినవారి పేర్లు, “క్రియేటివ్ కామన్స్ అట్రిబ్యూషన్ 4.0 అంతర్జాతీయ లైసెన్సు కింద ప్రచురించడానికి అనుమతి ఇస్తున్నాం” అన్న వాక్యం, తేదీ, సంతకం ఉంటే సరిపోతుంది. ప్రభుత్వ కాలేజీ అయితే ప్రిన్సిపాల్ సంతకమే చాలునా, పై కార్యాలయానికి పంపాలా అని వారినే అడగండి. పాఠం పూర్తయ్యాక అడిగితే ఫైలు నెలల తరబడి కదలకపోవచ్చు. ముందే అడిగితే ఆ సమయంలో మీ పని సాగుతుంటుంది.

“చదువు చెప్పడానికే కదా, ఏదైనా వాడుకోవచ్చు” అన్న మాట తరచు వినిపిస్తుంది. సెక్షన్ 52 బోధన కోసం కొన్ని మినహాయింపులు ఇచ్చిన మాట నిజం. 2016లో ఢిల్లీ యూనివర్సిటీ ఫొటోకాపీ కేసులో ఢిల్లీ హైకోర్టు ఆ వెసులుబాటును విశాలంగానే చూసింది. కానీ అది మీ క్లాసులో మీరు వాడుకోవడానికి. ఓఈఆర్‌గా పెట్టడమంటే “దీన్ని ఎవరైనా మార్చి పంచుకోవచ్చు” అని లోకానికి మాట ఇవ్వడం. సినిమా స్టిల్లు, పేపరు కటింగు, గూగుల్ ఇమేజెస్‌లో దొరికిన కార్టూన్ గురించి ఆ మాట ఇచ్చే హక్కు మనకు లేదు. వాటి బదులు సొంతంగా తీసిన ఫొటో, స్వేచ్ఛా బొమ్మల నిధి వికీమీడియా కామన్స్‌లోని బొమ్మ, లేదా మీరే గీసిన పటం వాడండి. విద్యార్థుల ముఖాలు కనిపించే ఫొటోలు అసలు వద్దు. లైసెన్సు ఇచ్చాక ఆ ఫొటో ఎక్కడికి పోతుందో మీ చేతుల్లో ఉండదు.

4. లైసెన్సు ఎంపిక

మొదటి పాఠానికి సీసీ బై 4.0 (పైన చెప్పిన క్రియేటివ్ కామన్స్ అట్రిబ్యూషన్) పెట్టండి. ఎవరూ మార్చాక మళ్లీ మూసేయకూడదని గట్టిగా అనుకుంటే సీసీ బై-ఎస్‌ఏ 4.0. తెలుగు వికీపీడియాదీ అదే, కాబట్టి అటూ ఇటూ పాఠ్యం కలుపుకోవడం సులువు.

‘ఎన్‌సీ’ పెట్టాలన్న ఆలోచన చాలామందికి మొదట వస్తుంది. మన కష్టాన్ని ఎవరో అమ్ముకుంటారన్న భయం సహజం. కానీ దానివల్ల ఇబ్బంది పడేది ఎక్కువగా మనవాళ్లే. ఫీజు తీసుకునే ప్రైవేటు కాలేజీ వాడుకోవచ్చా, జిరాక్స్ షాపులో ప్రింటు తీసి పేజీకింత అని తీసుకుంటే ఏమిటి అన్న అనుమానంతో మంచివాళ్లు వెనక్కి తగ్గుతారు. వికీమీడియా కామన్స్ ఎన్‌సీ ఉన్నదాన్ని తీసుకోనే తీసుకోదు. ఒకసారి ఇచ్చిన క్రియేటివ్ కామన్స్ లైసెన్సును వెనక్కి తీసుకోలేం. ఆ సంగతి అనుమతి పత్రంపై సంతకం పెట్టేవారికి కూడా ముందే చెప్పండి.

5. పాఠం అల్లడం: “ఈ చిరునామా ఎవరిది?”

ఒక పాఠాన్ని దగ్గర నుంచి చూద్దాం. పీరియడ్ 50 నిమిషాలైతే పాఠాన్ని 40కే రాయండి, హాజరుకే పది పోతాయి.

మొదటి 5 నిమిషాలు: బోర్డు మీద ఒక ఫార్వర్డ్ మెసేజి. “డిగ్రీ విద్యార్థులందరికీ ఉచిత ల్యాప్‌టాప్, రేపే ఆఖరు తేదీ”, కింద ఒక లింకు. నొక్కుతారా లేదా అని చేతులెత్తమనండి. తప్పొప్పులు అప్పుడే చెప్పకండి.

తర్వాత 10 నిమిషాలు: చిరునామా చదవడం. చిరునామాలో రెండు గీతలు (//) దాటాక మొదటి ఒంటి గీత (/) వరకు ఉన్న భాగమే తీసుకోవాలి. దాన్ని కుడి నుంచి ఎడమకు చదవాలి. చుక్కలతో విడదీసిన చివరి రెండు ముక్కలే యజమాని. గవ్.ఇన్, ఏసీ.ఇన్, కో.ఇన్ అని ముగిస్తే మూడు ముక్కలు. అంతే నియమం. గవ్.ఇన్ భారత ప్రభుత్వ సంస్థలకే, ఏసీ.ఇన్ విద్యాసంస్థలకే ఇస్తారు. డాట్ ఆర్గ్ అలా కాదు, డబ్బు కట్టి ఎవరైనా కొనుక్కోవచ్చు. “ఆర్గ్ అంటే సేవాసంస్థ, నమ్మొచ్చు” అని పాత పాఠాల్లో ఉంటుంది, దాన్ని మోసుకురాకండి. “తాళం బొమ్మ ఉంటే సురక్షితం” అన్నది కూడా అంతే. తాళం బొమ్మకు అర్థం మీకూ ఆ సైటుకూ మధ్య సమాచారం గుప్తంగా వెళ్తోందని మాత్రమే, మోసగాడి సైటుకూ అది ఉండొచ్చు. 2023లో క్రోమ్ డెస్క్‌టాప్‌లో ఆ బొమ్మనే తీసేసింది.

తర్వాత 15 నిమిషాలు: కార్డులు. నలుగురేసి జట్టు, జట్టుకు 8 కార్డులు. ఏ4 కాగితాన్ని సగానికి మూడుసార్లు మడిస్తే 8 గళ్లు వస్తాయి కాబట్టి జట్టుకు ఒక కాగితం చాలు. 60 మంది క్లాసుకు 15 ప్రింట్లు, రెండు కత్తెరలు. కార్డుల మీద చిరునామాలను ఇంగ్లీషు అక్షరాల్లోనే వేయాలి, వాళ్లు ఫోన్లో చూసేవి అవే.

మోసపు చిరునామాకు ఉదాహరణ మీరే కల్పించకండి. మీరు కల్పించిన పేరు రేపు ఎవరిదైనా కావచ్చు, విద్యార్థి సరదాకి కొట్టి చూస్తే ఎక్కడికో వెళ్లొచ్చు. ఎగ్జాంపుల్.కామ్, ఎగ్జాంపుల్.ఆర్గ్ అనేవి ఇలాంటి ఉదాహరణల కోసమే శాశ్వతంగా పక్కన పెట్టిన పేర్లు, వాటినే వాడండి. కార్డులు ఇలా ఉండొచ్చు:

- జ్ఞానభూమి.ఏపీ.గవ్.ఇన్: యజమాని ఏపీ.గవ్.ఇన్, ప్రభుత్వం.
- తెలంగాణఈపాస్.సీజీజీ.గవ్.ఇన్: మధ్యలో ‘సీజీజీ’ చూసి అనుమానపడతారు. చివర గవ్.ఇన్ ఉంది, ప్రభుత్వానిదే. అనుమానపడటం ఒక్కటే చాలదని, నియమం కావాలని చూపే కార్డు ఇది.
- జ్ఞానభూమి.ఏపీ.గవ్.ఇన్.ఎగ్జాంపుల్.కామ్: ఎక్కువమంది పడిపోయేది ఇక్కడే. కన్ను ఎడమ నుంచి చదివి ‘గవ్’ దగ్గర ఆగిపోతుంది.
- ఎగ్జాంపుల్.కామ్/ఏపీ.గవ్.ఇన్/స్కాలర్‌షిప్: ఒంటి గీత తర్వాత ఎవరు ఏదైనా రాసుకోవచ్చు.
- ఏపీ-గవ్-ఇన్.ఎగ్జాంపుల్.కామ్: అడ్డగీత చుక్క కాదు.
- శోధ్‌గంగ.ఇన్‌ఫ్లిబ్‌నెట్.ఏసీ.ఇన్.
- ఎగ్జాంపుల్.ఆర్గ్/యూజీసీ.
- ఒక పొట్టి లింకు: దీనికి సరైన జవాబు “చూసి చెప్పలేం”. ఆ జవాబు చెప్పడానికీ ధైర్యం ఇవ్వాలి.

చివరి 10 నిమిషాలు: చీటీ. బోర్డు మీద కొత్త చిరునామా ఒకటి రాయండి. యజమాని భాగం కింద గీత గీసి, ఎందుకో రెండు వాక్యాల్లో రాసి ఇవ్వాలి. ఆ చీటీలే మీకు పాఠం పనిచేసిందో లేదో చెబుతాయి.

ఒక హెచ్చరిక పాఠంలోనే ఉండాలి: చిరునామా ఎవరిదో మాత్రమే చెబుతుంది, అందులో రాసింది నిజమా కాదా చెప్పదు. అది తర్వాతి పాఠం. డిజిటల్ అక్షరాస్యత నిపుణుడు మైక్ కాల్‌ఫీల్డ్ 2019లో రూపొందించిన సిఫ్ట్ పద్ధతి దానికి మంచి ఆధారం. ఆగడం, ఎవరు చెబుతున్నారో బయట వెతకడం, అదే విషయం ఇంకెక్కడ మెరుగ్గా ఉందో చూడడం, మాటనో బొమ్మనో దాని పుట్టుక దాకా వెంబడించడం. తెలుగులో నిజనిర్ధారణ చేసే హైదరాబాద్ సంస్థ ఫ్యాక్ట్‌లీ కథనాలను అక్కడ అభ్యాసానికి లింకులుగా ఇవ్వొచ్చు. లింకు ఇవ్వండి, కథనాన్ని ఎత్తి అతికించకండి.

6. ఫైళ్లు: తెలుగు దగ్గర చెడిపోయేవి

పాఠం ఎంత బాగున్నా ‘అను’ అనే డీటీపీ ఫాంట్లలో టైపు చేస్తే అది ఓఈఆర్ కాదు. అందులో ఉన్నవి తెలుగు అక్షరాల్లా కనిపించే ఇంగ్లీషు సంకేతాలు. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో పిచ్చిగీతలు కనిపిస్తాయి, గూగుల్‌కు దొరకదు, చూపులేని విద్యార్థి వాడే స్క్రీన్ రీడర్ చదవలేదు. ఏ కంప్యూటరైనా తెలుగుగానే గుర్తించే అక్షరాల పద్ధతి యూనికోడ్. డీటీపీ షాపులో చేయిస్తే “యూనికోడ్‌లోనే కావాలి, ఎడిట్ చేసే ఫైలు కూడా కావాలి” అని ముందే చెప్పండి. నోటో సాన్స్ తెలుగు, మండలి, శీర్షికలకు రామభద్ర అన్నీ స్వేచ్ఛా లైసెన్సుతో ఉన్న యూనికోడ్ ఫాంట్లే.

‘సాఫ్ట్‌వేర్’ లాంటి మాటల్లో పొల్లు దగ్గర కంటికి కనిపించని ఒక అక్షరం పడుతుంది, దాన్ని జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు. ఒకచోట పెట్టి ఇంకోచోట పెట్టకపోతే రెండూ వేర్వేరు మాటలైపోతాయి, ఫైల్లో వెతికినప్పుడు సగమే దొరుకుతాయి. పాఠమంతా ఒకే తీరుగా ఉంచండి.

రాత లిబ్రేఆఫీస్ రైటర్‌లో చేయండి. శీర్షికను బోల్డ్ చేసి పెద్దది చేయడం కాదు, హెడింగ్ స్టైలు పెట్టండి. స్క్రీన్ రీడర్ శీర్షికలను గుర్తించేది దానితోనే. పీడీఎఫ్ ఇవ్వండి కానీ అదొక్కటే ఇవ్వకండి. తెలుగు పీడీఎఫ్ నుంచి కాపీ చేస్తే ఒత్తులు, గుణింతాలు చెల్లాచెదురవుతాయి, మార్చుకోవాలన్నవారికి అది బండరాయి. ఓడీటీ లేదా డాక్ ఫైలు తోడుగా ఉండాలి. బొమ్మల్లో తెలుగు మాటలు కలిపేయకండి, ఉర్దూలోకో లంబాడీలోకో మార్చేవారు బొమ్మ మళ్లీ గీయాల్సి వస్తుంది. పటాలను ఇంక్‌స్కేప్ అనే ఉచిత బొమ్మల సాఫ్ట్‌వేర్‌లో గీసి, తర్వాత మార్చుకోగల ఎస్‌వీజీ ఫైలు ఇవ్వండి. ప్రతి బొమ్మకూ అందులో ఏముందో ఒక వాక్యం వివరణ చేర్చండి.

చాలా కాలేజీల్లో ప్రింటు నలుపు తెలుపే. “ఎర్రవి తప్పు, పచ్చవి ఒప్పు” అంటే జిరాక్స్‌లో రెండూ బూడిద రంగే. రంగుతో పాటు గుర్తు కూడా పెట్టండి. పీడీఎఫ్ 2 ఎంబీ దాటకుండా చూడండి, పిల్లలు ఫోన్ డేటాతో తెరుస్తారు.

ఫోన్లో ఆడే క్విజ్ కావాలంటే హెచ్5పీ అనే క్విజ్ ఫైళ్ల పద్ధతి మంచిది. కంప్యూటర్లో వేసుకునే ఉచిత సాఫ్ట్‌వేర్ లూమీతో తయారుచేసి, హెచ్5పీ ఫైలుగానూ వెబ్ పేజీగానూ దాచుకోవచ్చు. గూగుల్ ఫారం సులువే, కానీ అది మీ ఖాతాకు కట్టేసి ఉంటుంది. మీరు బదిలీ అయి ఆ ఖాతా మూసేస్తే పాఠం గుండె ఆగుతుంది.

7. పరీక్షించడం

ఐదుగురు విద్యార్థులకు పాఠం ఇచ్చి పక్కన కూర్చోండి, నోరు విప్పకండి. ఎక్కడ ఆగారు, ఏ మాట రెండుసార్లు చదివారు అన్నది రాసుకోండి. ఆ తర్వాతది అసలు పరీక్ష. ఇంకో కాలేజీ లైబ్రేరియన్‌కు ఫైళ్లు మాత్రమే పంపి, మీకు ఫోన్ చేయకుండా క్లాసు చెప్పమనండి. ఆయనో ఆమెనో అడగాలనుకున్న ప్రతి ప్రశ్నా మీ టీచర్ నోట్సులో లేని వాక్యమే. కాలేజీ పేరు, లింకులు, ఉదాహరణలు మార్చమని కూడా అడగండి. అరగంటలో మార్చలేకపోతే ఆరో అడుగుకు తిరిగి వెళ్లాలి.

8. మూట కట్టడం

ఒక ఫోల్డర్‌లో విద్యార్థి కాగితం, టీచర్ నోట్సు, కార్డులు, జవాబులు, బొమ్మల అసలు ఫైళ్లు, ఒక ‘రీడ్ మీ’ ఉండాలి. జవాబులు విడి ఫైలుగా ఉంటేనే విద్యార్థి కాగితాన్ని నేరుగా పంచగలరు. ఫైలు పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో, ఖాళీలు లేకుండా, చివర వెర్షన్ నంబరుతో పెట్టండి. తెలుగు పేర్లున్న జిప్ ఫైలు కొన్ని పాత కంప్యూటర్లలో తెరిస్తే పేర్లు చెదిరిపోతాయి.

లైసెన్సు వాక్యం ‘రీడ్ మీ’లో ఒక్కచోటే కాదు, ప్రతి ఫైలు మొదటి పేజీలో ఉండాలి. ఫైళ్లు విడిపోయి తిరుగుతాయి కదా. ఇలా రాయవచ్చు: “‘ఈ చిరునామా ఎవరిది?’, వెర్షన్ 1.0. రూపొందించినవారు: (పేర్లు, కాలేజీ, సంవత్సరం). విడిగా సూచించినవి మినహా ఈ పాఠం క్రియేటివ్ కామన్స్ అట్రిబ్యూషన్ 4.0 అంతర్జాతీయ లైసెన్సు కింద లభిస్తుంది. పేరు చెప్పి, మార్పులు చేస్తే ఆ మాట చెప్పి, స్వేచ్ఛగా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు.” పక్కనే లైసెన్సు పేజీకి లింకు. ఇతరుల బొమ్మ వాడితే దాని కిందే నాలుగు వివరాలు: బొమ్మ పేరు, చేసినవారు, దొరికిన చోటు, లైసెన్సు. “కర్టసీ: గూగుల్” అన్నది ఏమీ చెప్పనట్టే.

9. ఎక్కడ పెట్టాలి

కాలేజీ వెబ్‌సైటు మాత్రమే చాలదు. సైటు మార్చినప్పుడల్లా పాత లింకులు చస్తాయి. ఫైళ్లను దాచిపెట్టే జెనోడో సైట్లో పెట్టండి. దాన్ని స్విట్జర్లాండ్‌లోని పరిశోధన సంస్థ సెర్న్ నడుపుతుంది, ఖర్చు లేదు, ప్రతి పాఠానికీ డీఓఐ, అంటే లింకుగా పనిచేసే శాశ్వత గుర్తింపు నంబరు, వస్తుంది. ఖాతా తెరిచి కొత్త అప్‌లోడ్ మొదలుపెట్టగానే డీఓఐని ముందుగా కేటాయించుకోండి. ఆ నంబరును ఫైళ్లలో రాసి, అప్పుడు ఎక్కించండి. రకం దగ్గర ‘లెసన్’, భాష దగ్గర తెలుగు, లైసెన్సు దగ్గర మీరు ఎంచుకున్నది. శీర్షిక, వివరణ, కీవర్డులు తెలుగులోనూ ఇంగ్లీషులోనూ ఇవ్వండి. తెలుగులో మాత్రమే ఇస్తే ఇంగ్లీషులో వెతికే తెలుగు లైబ్రేరియన్‌కే దొరకదు, మనవాళ్లలో ఎక్కువమంది వెతికేది అలాగే. ప్రచురించాక ఫైలు మార్చాలంటే కొత్త వెర్షన్ వేయాలి, దానికి వేరే డీఓఐ వస్తుంది. అన్ని వెర్షన్లకూ కలిపి ఉండే ఉమ్మడి డీఓఐ ఒకటుంటుంది, క్యూఆర్ కోడ్‌కు దాన్నే వాడండి.

వికీమీడియా కామన్స్‌లో బొమ్మలు, పీడీఎఫ్ పెట్టవచ్చు. అది ఆఫీసు ఫైళ్లను, ఎంపీ4 వీడియోలను తీసుకోదు, వీడియో అయితే వెబ్ఎం లాంటి రూపంలో ఉండాలి. ఓఈఆర్ కామన్స్‌లో జెనోడో లింకుతో ఒక ఎంట్రీ వేస్తే వెతికేవాళ్లకు ఇంకో దారి దొరుకుతుంది. ఇవన్నీ అయ్యాక వాట్సాప్ గ్రూపులో పెట్టండి, ఫైలు కాదు, లింకు. ఫైలు పెడితే పాత వెర్షన్ ఏళ్ల తరబడి తిరుగుతూనే ఉంటుంది.

10. పంచాక చేయాల్సింది

‘రీడ్ మీ’లో రెండు ప్రశ్నలు అడగండి: ఏ క్లాసుకు వాడారు, ఏం మార్చారు? జవాబు పంపడానికి లైబ్రరీ ఈమెయిల్ ఇవ్వండి, సొంత ఫోన్ నంబరు కాదు. మార్చినవాళ్లు తమ రూపాన్ని పంపితే దానికి లింకు చేర్చండి.

జూన్‌లో ఒకసారి, డిసెంబరులో ఒకసారి ప్రతి లింకునూ నొక్కి చూడండి, ప్రతి వాస్తవాన్నీ సరిచూడండి. జర్నళ్ల నాణ్యతకు యూజీసీ-కేర్ జాబితా చూడమని చెప్పిన పాఠాలన్నీ 2025లో యూజీసీ ఆ జాబితాను ఆపేయగానే పాతబడ్డాయి. త్వరగా మారే ఇలాంటి వివరాలను పాఠమంతా చల్లకుండా ఒకే పేజీలో పెట్టుకుంటే, ఆ పేజీ ఒక్కటి మార్చి కొత్త వెర్షన్ వేయవచ్చు. చిన్న దిద్దుబాటుకు 1.1, పాఠం తీరే మారితే 2.0. ఏం మారిందో, ఎప్పుడు మారిందో ‘రీడ్ మీ’ చివర ఒక్కో వరుసలో రాస్తూ పోండి. జెనోడో, ఈమెయిల్ ఖాతాల పాస్‌వర్డులు లైబ్రరీ పేరు మీదే ఉంచి, బదిలీ అయ్యేటప్పుడు చార్జి అప్పగింత కాగితంలో పుస్తకాల లెక్కతో పాటు వీటినీ చేర్చండి.